నెలవంక ముద్ర, నేను చదివి వినిపించని కాగితం

మా వీధిలో కారప్పొడి పాకెట్లు కట్టి అమ్ముకునే అమ్మాయి ఒకతె మొన్న నా దగ్గరకు వచ్చింది. ఆమె పాకెట్టు మీద ఎర్ర చిలుక బొమ్మ ఉంటుంది. పక్క ఊళ్ళో ఎవరో అదే చిలుకను తమ పాకెట్ల మీద అచ్చు వేయించుకున్నారట.

"తాతా, చిలుకను ముందుగాల పెట్టింది నేను. ఇప్పుడు కాయితం జేపిచ్చుకోవాల్నట. అచ్చేసే ఆయన తన పేరు మీద పెడతనంటుండు, జల్ది అయితదట. పెట్టమంటవా?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. నీ పేరు మీదే పెట్టు, అచ్చు వేసేవాడి పేరు మీద కాదు, అమ్మిపెట్టేవాడి పేరు మీద కాదు, బావగారి పేరు మీద కూడా కాదు, వేలు పెట్టేముందు ప్రతి ముక్కా చదివించుకో అని కేకలేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ముసలాడికి ఇంత కోపం దేనికో తెలియక వెళ్ళిపోయింది. ఆ కోపం ఆమె మీద కాదు. అది యాభై ఏళ్ళ నాటి కోపం, నా మీద నాది. సొంతంగా ఏదో ఒకటి తయారుచేసి దానికొక పేరో గుర్తో పెట్టుకుని బతికే చిన్నవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు కాబట్టి దాని కథ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. నా పేరు చెప్పుకునే మొహం నాకు లేదు, మిగతావాళ్ళ పేర్లతో మీకు పని లేదు.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. నూనె దుకాణంలో పొట్లాలు కట్టే కాగితాల మీద తెలుగు నేర్చుకున్నాను. కచ్చేరి గోడలకు అంటించిన ప్రకటనల ముందు నిలబడి, వచ్చేపోయే వాళ్ళను ఒక్కో అక్షరం అడిగి ఉర్దూ నేర్చుకున్నాను. ఇరవై దాటేసరికి సూర్యాపేట కచ్చేరి వరండాలో అర్జీలు రాసే మున్షీనయ్యాను. అందుకు సర్కారు ఒక సనదు, అంటే అనుమతి పత్రం, ఇచ్చేది. దాన్ని రేకు గొట్టంలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఎవరైనా "నీ చదువెంత?" అని అడిగితే గొట్టం మూత తీసి చూపించేవాణ్ణి. అడగనివాళ్ళకు కూడా చూపించేవాణ్ణి. నాకు బడి, పట్టా, పెద్దమనిషితనం అన్నీ ఆ కాగితమే.

అప్పుడింకా నైజాం పాలన. కచ్చేరి రాతలన్నీ ఉర్దూలో. రాయించుకునేవాళ్ళలో చాలామందికి తెలుగే చదవరాదు, ఉర్దూ ఎక్కడ వస్తుంది. అందుకని మేము రాసింది తెలుగులో చెప్పి, వాళ్ళు సరేనన్నాక వేలిముద్ర వేయించాలి. ప్రతి దస్తావేజు చివర ఒక పంక్తి ఉండేది: "పైన రాసినదంతా చదివి వినిపించగా, విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాడు." ఆ పంక్తి లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

మా వరండాలో అందరికంటే పెద్ద మున్షీ ఒకాయన ఉండేవాడు. నశ్యం పీల్చే మనిషి, చేతిరాత ముత్యాలు. నాకు పని నేర్పింది ఆయనే. పొద్దున్నే జనం రాకముందు దస్త్రం విప్పి, స్టాంపు కాగితం వెనుక జోడించే తెల్లకాగితాలు పది తీసి, అన్నింటి అడుగునా ఆ చివరి పంక్తి రాసి ఆరబెట్టేవాడు.

"కింద గోడ కట్టి పెట్టుకోరా. పైన ఇల్లు ఎట్లనన్న కట్టుకోవచ్చు" అనేవాడు.

మధ్యాహ్నం రద్దీలో ఒక పంక్తి రాసే పని తప్పుతుందని ఆ ఏర్పాటు. వరండాలో అందరమూ అదే చేసేవాళ్ళం. పంక్తి ముందే రాసి ఉంటే చదివి వినిపించడం కూడా ముందే అయిపోయినట్టు మాకు అనిపించడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు.

చివ్వెంల దిక్కు పల్లెలో ఒక కమ్మరి ఉండేవాడు. నలభై ఏళ్ళ మనిషి, తక్కువ మాట. ఎడమ ముంజేతి నిండా నిప్పురవ్వల మచ్చలు. ఆయన కొడవళ్ళకు పెద్ద పేరు. అంచుకు కక్కు పళ్ళు పెడితే రెండు కోతలకు పన్ను అరగదని చెప్పుకునేవాళ్ళు. ఇనుము ఎర్రగా ఉన్నప్పుడే పిడి దగ్గర ఒక ముద్ర కొట్టేవాడు. నెలవంక, దాని కింద రెండు చుక్కలు. ఆ ఉక్కు ముద్ర వాళ్ళ తాత చేసుకున్నది. కోతకు పోయే ఆడవాళ్ళు కొడవలి కొనేటప్పుడు దాన్ని చూసేవాళ్ళు కూడా కాదు. బొటనవేలితో తడిమి, చంద్రుడు తగిలితే తీసుకునేవాళ్ళు. ఊరి రైతులకు పోగా మిగిలినవి సూర్యాపేటలో ఒక షావుకారు తన ఇనుప సామాన్ల దుకాణంలో పెట్టి అమ్మిపెట్టేవాడు.

ఒక కోతకాలంలో మునగాల నుంచి రైతులు బండి కట్టుకుని కమ్మరి వాకిట్లోకి వచ్చారు. అందులో ఒక ముసలమ్మ విరిగిన కొడవలి ఆయన కాళ్ళ ముందు పడేసి, "ఏమయ్యా, నీ సంద్రుడు రెండు మళ్ళకే రాలిపాయె. మీ తాత పేరు గిట్లనే నిలబెడతవా?" అందట.

కమ్మరి ఆ కొడవలి తీసి చూశాడు. ముద్ర ఆయనదే, ఇనుము ఆయనది కాదు. అరిగిన బండి పట్టాలు కోసి చేసిన సరుకు. కోదాడలో ఒక దుకాణదారు ఎవరితోనో చేయించి, నెలవంక కొట్టించి అమ్ముతున్నాడు.

మర్నాడు కమ్మరి, షావుకారు ఇద్దరూ నా చాప దగ్గరకు వచ్చారు.

"మున్షీ, గీ మార్కా నాదని కాయితం రాయాలె. మా తాత కొట్టిండు, మా నాయన కొట్టిండు, నేను కొడుతున్న. ఇంకోడు కొట్టొద్దని రాయి" అన్నాడు కమ్మరి.

అప్పట్లో మాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఈ గుర్తు ఫలానావారిదని ఒక ఇక్రారునామా, అంటే ఒప్పుదల కాగితం రాసి, రిజిస్ట్రీ చేయించి, దాని నకలు పట్టుకుపోయి దొంగ సరుకు అమ్మేవాడికి చూపించడం.

"రాద్దాం, కూసో. దుకాణం పేరేంది?" అన్నాను.

"నాకు దుకాణమెక్కడిది? కొలిమి ఉన్నది."

"కొలిమి పేరేంది మరి?"

"కొలిమికి పేరుంటదా మున్షీ? తిత్తికీ సుత్తెకూ గూడ అడుగుతవా?"

షావుకారు నవ్వాడు. "మా దుకాణం పేరు మీద రాయి మున్షీ. కోదాడోడు ఈయన పేరు జూస్తే నవ్వి అవతల పారేస్తడు. మా పేరు జూస్తే జర సోచాయిస్తడు. ఇస్టాంపు గూడ మా పేరు మీదనే తెచ్చిన."

స్టాంపు కాగితం ఎవరి పేర కొంటే దస్తావేజు వారి పేర రాయడం మా వరండా అలవాటు. పైగా ఆ మాట నాకు తెలివైన మాటలాగే తోచింది. అందులో ఆనాడే దురాలోచన ఉందో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఉందని చెప్పగలిగితే నాకు కొంచెం హాయిగా ఉండేది. నేను ఉర్దూలో వంపులు తిప్పి ఇలా రాశాను: నెలవంక, రెండు చుక్కలు గల మార్కా ఫలానా దుకాణం వారిది. ఫలానా కమ్మరి ఆ దుకాణం వారి తరఫున, వారి అనుమతితో ఆ మార్కా కొడుతున్నాడు. దీన్ని అతను ఒప్పుకుంటున్నాడు.

"జర సదువు మున్షీ" అన్నాడు కమ్మరి.

"నువ్వు జెప్పిందే రాసిన. రిజిస్ట్రీ సాబ్ లేసే యాళ్ళయితంది, ఏలు ఏయి."

ఆయన నా మొహం చూశాడు. కాగితం అడుగున సిరా ఎప్పుడో ఆరిపోయిన చివరి పంక్తి చూశాడు. అది ఆయనకు గీతలే. "సరే, నా పని నాకెరుక, నీ పని నీకెరుక" అని, బొటనవేలి మసి పంచెకు రెండుసార్లు తుడుచుకుని ముద్ర వేశాడు. నా కాగితం మాసిపోతుందని తుడుచుకున్నాడు ఆ మనిషి.

నకలు తీసుకుని కోదాడకు నేనే వెళ్ళాను. బెజవాడ రోడ్డు మీద బస్సు, పెట్రోలు దొరకని కాలం కాబట్టి వెనక బొగ్గు గ్యాసు డబ్బా, ఎక్కడ ఆగితే అక్కడ దిగి తోయడం. కోదాడ దుకాణదారు తెల్లటి మనిషి, మాట తియ్యన.

"రండి రండి. ఏవండీ, చంద్రుడు మీ కమ్మరి తాతగారి ఆస్తాండీ? మా దొడ్లోంచి కూడా కనపడతాడే" అన్నాడు.

"ఆకాశంల ఉన్న సంద్రుడు అందరిది. కొడవలి పిడికాడ ఉన్న సంద్రుడు కమ్మరిది. నువ్వు దొంగిలించింది సంద్రుణ్ణి కాదు, ఆయన మీద జనానికున్న నమ్మకాన్ని" అన్నాను. మంచి మాట అన్నానని నాకే అనిపించింది. ఈ విషయంలో ఇప్పటికీ అంతకంటే మంచి మాట నాకు తెలియదు.

అతను కాగితం తీసుకుని తీరిగ్గా చదివాడు. ఉర్దూ బాగా వచ్చినవాడే. చదివి, కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"మీరేమో కమ్మరిదంటున్నారు. కాగితంలో దుకాణం వారిదని ఉందేంటండీ? ఆయన వాళ్ళ పనివాడని ఉంది."

"అది రాత పద్ధతి. నీకు తెల్వదు."

"మాకు తెలీదులెండి. మా అన్నదమ్ముల మధ్య ఇట్టాంటి కాగితం రాస్తే మాత్రం చదవకుండా వేలెయ్యనివ్వను" అని నవ్వి, ఆ సరుకు ఇక తెప్పించనని మాట ఇచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా.

గమనించండి. నా తప్పును మొదట పట్టుకుని నా చేతిలో పెట్టింది గుర్తు దొంగిలించిన మనిషి. ఆ రోజే వెనక్కి వచ్చి, కాగితం రద్దు చేయించి, ఇంకొకటి రాసి ఉంటే ఈ కథే లేదు. నేనేమో తిరుగు బస్సులో, దొంగకు బుద్ధి చెప్పానన్న గర్వంతో, పక్క సీటువాడికి సనదు చూపించుకుంటూ వచ్చాను.

తర్వాత పోలీసు చర్య వచ్చింది. నైజాం పాలన పోయింది. కచ్చేరిలో కొత్త అధికారులు, ఇంగ్లీషు, మిలిటరీ లారీలు. ఉర్దూ మున్షీల సంగతి ఏమవుతుందోనని మా వరండా అంతా పరేషాన్. ఆ గొడవలో కమ్మరి సంగతి నేను మరచిపోయాను. ఆయన ఒకరోజు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు, అప్పుడు నేను తెల్లకాగితాల అడుగున పంక్తులు రాసుకుంటున్నాను.

జరిగింది ఇది. షావుకారు కొత్త ముద్ర ఒకటి చేయించి, వేరే కమ్మరులతో చవక ఇనుము కొడవళ్ళకు నెలవంక కొట్టించడం మొదలుపెట్టాడు. కమ్మరి దుకాణానికి పోయి అడిగాడు. "ఇయ్యి నావి కావు షావుకారీ" అంటే, "మార్కా ఉన్నది గదా" అన్నాడట. "మార్కా నాదిగదా" అంటే, "నీ ఏలే మాది అని చెప్తంది, పోయి సూసుకో" అన్నాడట. కమ్మరి ఆ దుకాణానికి సరుకు ఇవ్వడం మానేసి, తన కొడవళ్ళు తనే మోసుకుపోయి మిర్యాలగూడ అంగడిలో కింద పరిచి అమ్ముకున్నాడు. షావుకారి మనుషులు వచ్చి, తమ మార్కా దొంగిలించి అమ్ముతున్నాడని పట్టించారు. మిర్యాలగూడ కోర్టులో దావా పడింది.

తాత గుర్తును మనవడు దొంగిలించాడని దావా. కోదాడవాడి మీదకు నేను పట్టుకుపోయిన కాగితమే దానికి ఆధారం.

కమ్మరి చాప మీద కూర్చోలేదు. నకలు నా ముందు పెట్టి, "మున్షీ, నేను ఏలేసిన కాయితంల ఏమున్నదో ఇప్పుడన్న సదువు" అన్నాడు.

చదివాను. మొదటిసారి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పుకుంటూ. "వారి తరఫున, వారి అనుమతితో" అన్న చోట గొంతు తగ్గించాను. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. చివరి పంక్తి దాకా వచ్చాను.

"గిది నాకు సదివి ఇనిపించినవా ఆనాడు?"

"లేదు."

"గదే చెప్పు గాడ. గంతే. నాకింకేం వద్దు."

చెబుతానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన పోయేముందు ఆగి, నేను ఆరబెట్టిన కాగితాల వరుస చూసి, "గియ్యి కూడ గసొంటియేనా?" అని అడిగాడు. నేను వాటిని దస్త్రం కిందకు తోశాను.

పెద్ద మున్షీ అంతా విన్నాడు. కోర్టు రోజు పొద్దున బస్సు దాకా నాతో నడిచి వచ్చాడు.

"సదవలేదని చెప్తవా?"

"చెప్తా."

"అబద్ధం పంక్తి రాసిండని నీ సనదు గుంజుకుంటరు. ఆ తర్వాత నావి తీస్తరు, వరండల అందరియి తీస్తరు. కొత్త సర్కారు గిసొంటి సాకు కోసమే సూస్తుంది. నాకు అరవై దాటినయిరా. నేనేం పని జెయ్యాలె?" ఒకసారి నశ్యం పీల్చి, నెమ్మదిగా అన్నాడు. "నీకు సదువెవలిచ్చిండ్రో, దాన్ని ఎవలు గుంజుకుంటరో, నువ్వే సోచాయించుకో."

తప్పు ఆయన మీదకు తోయను. ఆయన భయం ఆయనది. నాకు ఆ నిమిషం దాకా లేని భయం ఆ చివరి మాటతో పుట్టింది.

బస్సులో కమ్మరి నా వెనక సీట్లో ఉన్నాడు. ఒళ్ళో పెద్ద గోనె సంచి. దారిలో మిలిటరీ వాళ్ళు బస్సు ఆపి సంచి విప్పించారు. దాని నిండా కొడవళ్ళు. ఆ రోజుల్లో ఊళ్ళల్లో గోడల మీద కమ్యూనిస్టుల కొడవలి బొమ్మ కనిపించినా వాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. సంచెడు కొడవళ్ళు చూసి తుపాకి సర్దుకున్నాడు ఒకడు.

"ఇన్ని ఎక్కడికి?" అని హిందీలో అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

"కోర్టుకు అని చెప్పు" అన్నాడు కమ్మరి.

"కోర్టులో పంట కోస్తారా?"

"సాక్షులు అని చెప్పు మున్షీ. ఊరోళ్ళు ఇచ్చిన్రు. మా తాత చేసినయి, మా నాయన చేసినయి, నేను చేసినయి. అందరికి ముద్ర ఉన్నది, పిడికాడ పట్టి సూసుకోమను."

ఆ సిపాయి ఒకటి తీసి చూశాడు. అరిగి అరిగి వేలెడంత మిగిలిన ముసలి కొడవలి. పిడి దగ్గర నెలవంక ఇంకా ఉంది. అతనూ రైతు బిడ్డేనేమో, చూపుడువేలితో ఆ కక్కు తడిమి, సంచి కట్టేసి పొమ్మన్నాడు. బస్సు కదిలాక వెనక సీటు రైతులు నవ్వారు. కమ్మరి కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

కోర్టులో షావుకారు తరఫు వకీలు కాగితం చదివాడు. కమ్మరికి వకీలు లేడు. ఆయన గోనె సంచి పరిచి, కొడవళ్ళు పాతవి ఒకవైపు, కొత్తవి ఒకవైపు వరుసగా పెట్టాడు. "ఇది మా తాతది. ఇది ఆ షావుకారి పుట్టకముందుది. దీంతోని కోసిన ముసలిది ఇంకా ఉన్నది, తోలుకరమ్మంటే వస్తది" అన్నాడు.

జడ్జి కొత్తగా వచ్చిన మనిషి, తెలుగు వచ్చినవాడు. కుర్చీలోంచి లేచి వచ్చి, వంగి, ఒక్కో కొడవలి మీద బొటనవేలు పెట్టి చూశాడు. కోతకు పోయే ఆడవాళ్ళు చూసినట్టే. నా గుండె కొంచెం తేలికపడింది. నేను నోరు విప్పకుండానే ఈయన గెలుస్తాడేమో అనుకున్నాను. సిగ్గులేని ఆశ అది.

జడ్జి తిరిగి కూర్చుని, కమ్మరితో నిదానంగా చెప్పాడు. ఆ మాటలు మీరంతా గుర్తుపెట్టుకోవాలి. "ఒక గుర్తును ముందునుంచీ వాడుతున్నవాడికి దాని మీద బలమైన హక్కు ఉంటుంది. రిజిస్ట్రీ లేకపోయినా ఉంటుంది. నువ్వు తెచ్చిన ఈ ఇనుము దానికి మంచి రుజువు. కానీ ఆ హక్కు నాది కాదు, వాళ్ళదే, నేను వాళ్ళ పనివాణ్ణి అని నీ వేలితో నువ్వే ఒప్పుకున్నావు. తెలిసి ఒప్పుకుంటే నేను చేయగలిగింది లేదు. తెలియక వేశావని రుజువైతే ఈ కాగితం చింపేస్తాను."

తర్వాత నన్ను పిలిచాడు. నా సనదు చూపించమన్నాడు. గొట్టం మూత తీసి ఇచ్చాను. దాన్ని విప్పి ముందు పెట్టుకుని, దాని మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"చివరి పంక్తి నువ్వే రాశావా?"

"రాశానండి."

"ఈయనకు చదివి వినిపించావా?"

సనదు ఆయన చేతి కింద ఉంది. నేను కమ్మరి వైపు చూడలేదు. పొట్లాల కాగితాలు గుర్తొచ్చాయి. కచ్చేరి గోడ ముందు ఎండలో నిలబడి ఒక్కో అక్షరం అడుక్కున్న రోజులు గుర్తొచ్చాయి. అవన్నీ ఒక్క మాటతో పోతాయనిపించింది. ఇప్పుడు తెలుసు, నేర్చుకున్నది ఎవరూ గుంజుకోలేరు, కాగితం మాత్రమే పోతుంది. ఆనాడు ఆ తేడా తెలియలేదు. చదువు చెప్పేవాళ్ళు లేకపోయినా అన్నీ నేర్చుకుని, అదొక్కటీ నేర్చుకోలేదు.

"చదివి వినిపించానండి" అన్నాను.

కమ్మరి అరవలేదు, తిట్టలేదు. "మున్షీ" అని మాత్రం ఒకసారి అన్నాడు. పేరు తెలిసినవాణ్ణి పిలిచి, తను అనుకున్న మనిషి కాదని ఆగిపోయినట్టు.

ఆ ముద్ర ఇక కొట్టకూడదని తీర్పు అయింది. ఉక్కు ముద్ర ఎక్కడుందని అడిగారు. మొలకు కట్టుకున్న గుడ్డలోంచి తనే తీసి బల్ల మీద పెట్టాడు. తాత చేతిలో, నాయన చేతిలో, తన చేతిలో సుత్తె దెబ్బలు తిని దాని తల పుట్టగొడుగులా విచ్చుకుపోయి ఉంది. దాన్ని చూస్తే చాలు, అది ఎవరిదో ఏ కాగితమూ చెప్పనక్కరలేదు. ఆ తర్వాత కింద కూర్చుని, కొడవళ్ళను పాతవి కిందా కొత్తవి పైనా వచ్చేట్టు సంచిలో సర్దుకున్నాడు. నేను సనదు చుట్టి గొట్టంలో పెట్టుకున్నాను. ఒకే బస్సులో వచ్చినవాళ్ళం, ఆయన బస్సు ఎక్కలేదు. ఆ సంచి మోసుకుని నడిచి పోయాడు.

మర్నాడు పొద్దున పెద్ద మున్షీ నాకు చాయ్ చెప్పాడు. తాగలేదు. ఆయన తెల్లకాగితాలు తీసి పంక్తులు రాసుకున్నాడు, నేను తీయలేదు. అప్పటినుంచి నేను చాప మడిచే దాకా ప్రతి కాగితమూ చదివి వినిపించాను, రెండుసార్లు. జనం విసుక్కునేవాళ్ళు. "ఈ మున్షీకి సాదస్తం" అని పక్క చాపకు పోయేవాళ్ళు. దాన్ని నా మంచితనమని ఎవరైనా అంటే నాకు చెంప మీద కొట్టినట్టుండేది. ఒక మనిషి దగ్గర చదవాల్సింది చదవక, తర్వాత ఊరందరికీ చదివితే ఏమిటి?

కొన్నేళ్ళకు షావుకారి నెలవంక కొడవళ్ళు ఎవరూ కొనకుండా పోయాయి. ముద్ర ఉంది, ఇనుము లేదు. గుర్తును కాగితం మీద గుంజుకున్నవాడు దాని వెనకున్న చేతిని గుంజుకోలేడు. అది న్యాయం జరగడమని నేను అనను. కమ్మరికి తన ముద్ర తిరిగి రాలేదు.

మా ఆవిడ ఒకసారి సూర్యాపేట అంగడి నుంచి కొడవలి తెచ్చింది. పిడి దగ్గర నున్నగా ఉంది, ఏ గుర్తూ లేదు. ఎందుకు తెచ్చావంటే, "అమ్మే ఆమెనే చెప్పింది, ముద్ర లేనిదే తీస్కో బిడ్డా, గదే అసలుది అన్నది" అంది. కక్కు అరిగాక, అది చేసినాయన దగ్గరే పెట్టించుకు రమ్మని నన్నే పంపింది. నేను ఆమెకు ఏనాడూ ఈ సంగతి చెప్పలేదు.

అది చేసింది ఆ కమ్మరేనని నాకు తెలుసు, ఆయన దగ్గరకు పోయే ముందు ఒక కాగితం రాశాను. ఆనాడు చదివి వినిపించలేదని, కోర్టులో అబద్ధమాడానని, దీన్ని ఎక్కడ చూపించుకున్నా నేను నిలబడి ఒప్పుకుంటానని. ఈసారి తెలుగులో.

కమ్మరి నన్ను గుర్తుపట్టాడు. కొడవలి తీసుకుని, పటకారుతో పట్టి, కొలిమిలో పెట్టి, దాగలి మీద కక్కు కొట్టాడు. నీళ్ళలో ముంచి పదును పెట్టాడు. పని అయ్యేదాకా నిలబడ్డాను. అప్పుడు కాగితం తీశాను.

"ఏంది?"

"ఆనాటి సంగతి. రాసుకొచ్చిన. సదువుతా, ఇను."

ఆయన కొడవలి నా చేతికిచ్చి, ఇంకో ఇనుప ముక్క కొలిమిలో పెట్టాడు. "ఆనాడు ఇంటనంటి. ఇప్పుడు నాకు పని ఉన్నది" అన్నాడు. తిత్తి చప్పుడు మొదలైంది. నేను ఇంకా నిలబడే ఉంటే, తల ఎత్తకుండా, "సూసుకోని పట్టుకో, కొత్త కక్కు, తెగుతది" అన్నాడు.

ఆ కాగితం ఏ కోర్టుకూ వెళ్ళలేదు. అప్పుడైనా వెళ్ళి నేనే ఇచ్చి ఉండవచ్చు. ఇవ్వలేదు. ఆయన వినలేదు కదా అన్నది నాకు మంచి సాకైంది. సనదు ఉన్న గొట్టంలోనే దాన్నీ పెట్టాను.

కారప్పొడి పిల్లా, ఇప్పుడు అర్థమైందా నా కేకలు ఎందుకో. చిలుక నీదే. దాన్ని నువ్వు ఎప్పటినుంచి పెడుతున్నావో చూపించే పాత పాకెట్లు దాచుకో. కాగితం నీ పేర రాయించుకో. తొందర ఉందనేవాడి ముందు తొందరపడకు, వాడు చదివేదాకా వేలు ఎత్తే ఉంచు.

నాకు అలవాటైన చివరి పంక్తి ఒకటి ఉంది. ఈసారి ముందుగా రాసిపెట్టుకోలేదు, అన్నీ రాశాక రాస్తున్నాను. పైన రాసినదంతా ఆ కమ్మరికి చదివి వినిపించలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.